మండపంలో ఒక్క పూట ఆగండి

మీలో చాలామంది రామేశ్వరం వెళ్ళే ఉంటారు. ఇరవై రెండు తీర్థాల్లో స్నానాలు చేసి, తడిబట్టలు మార్చుకుని, ఆ పొడుగాటి ప్రాకారాల్లో నడిచి, స్వామి దర్శనం చేసుకుని, బండికి టైమవుతోందని పరుగు పరుగున వచ్చేసి ఉంటారు. పాంబన్ వంతెన మీద సముద్రానికి దణ్ణం పెట్టి రూపాయి బిళ్ళ కూడా విసిరి ఉంటారు. వంతెనకి ఇవతల మండపం అని ఒక చిన్న ఊరుంది, అక్కడ ఒక పూట ఆగండి అని మాత్రం మనకెవరూ చెప్పరు. అందుకే నేను చెబుతున్నాను.

మేం వెళ్ళింది 2024 ఫిబ్రవరిలో, రథసప్తమి వెళ్ళాక. పాత వంతెన మీద 2022 డిసెంబరులోనే రైళ్ళు ఆపేశారు. 1914లో కట్టిన వంతెన కదా, తుప్పు తినేసింది. కొత్త వంతెన 2025 ఏప్రిల్లో మొదలైంది. ఆ మధ్యకాలంలో రైళ్ళన్నీ సముద్రానికి ఈ ఒడ్డునే ఆగిపోయేవి. మా ఆడపడుచు వాళ్ళు మదురైలో ఉంటారు కాబట్టి వాళ్ళ కారులో బయల్దేరాం. "మధ్యలో మండపంలో చేపల అక్వేరియం ఉందిట వదినా, నీకు పిచ్చి కదా, చూస్తావా?" అని అడిగింది. అడగాలా?

నా పిచ్చి గురించి ముందు నాలుగు మాటలు చెప్పాలి. విశాఖపట్నంలో మా ఇంటి హాల్లో నాలుగడుగుల గాజు తొట్టె ఉంది. అందులో రెండు వందల లీటర్ల ఉప్పునీళ్ళు. మంచినీళ్ళ గోల్డు ఫిష్ కాదండీ, సముద్రపు చేపలు. మా అబ్బాయి ఆరో క్లాసులో ఉండగా, 2012లో, మత్స్యదర్శిని చూసొచ్చి ఒకటే గొడవ పెడితే మావారు తెచ్చారు. అబ్బాయి చదువుకని వెళ్ళిపోయాడు, తొట్టె నాకు మిగిలింది. ఇలాంటివి ఎప్పుడూ అమ్మలకే మిగులుతాయి.

అందులో ముఖ్యమైన వాళ్ళు ఇద్దరు. నారింజ రంగు మీద మూడు తెల్ల పట్టీలుండే క్లౌన్ ఫిష్ జంట. పిల్లలు "నీమో" అంటారే, అదే. సముద్రంలో అయితే ఇవి సీ అనిమోన్ అనే పూవులాంటి జీవి మీద కాపురముంటాయి. హేచరీలో పుట్టిన చేపలకి అది లేకపోయినా ఫరవాలేదు. మా వాటికి ఒక చిన్న మట్టి ముంత పక్కకి పడుకోబెట్టి ఇచ్చాను. అదే వాళ్ళ ఇల్లు. రాత్రి దీపం ఆర్పాక ఆ ముంత నోటి దగ్గరే పక్కకి ఒరిగి నిద్రపోతాయి. మొదటిసారి చూసినప్పుడు చచ్చిపోయాయేమోనని గుండె ఝల్లుమంది.

ఈ జంటలో పెద్దది ఆడది. అధికారం అంతా దానిదే. మగది చిన్నది. ఆవిడ దగ్గరికి వస్తే అతను ఒళ్ళంతా వణికించి పక్కకి వాలతాడు, "సరేనమ్మా, నీ మాటే" అన్నట్టు. తిండి ముందు ఆవిడకి. గుడ్లు పెట్టే ముందు ఇద్దరూ కలిసి ముంత లోపల నోటితో గీకి గీకి శుభ్రం చేస్తారు. గుడ్లు పెట్టడంతో ఆవిడ పని అయిపోతుంది. ఆ తర్వాత వారం రోజులూ వాటికి రెక్కలతో విసిరేదీ, చెడిపోయిన గుడ్డుని ఏరేసేదీ అంతా అయ్యగారే. మావారికి నేను చూపించి చూపించి చెప్పే భాగం ఇదే. "మనం చేపలం కాదుగా" అని పేపరు అడ్డం పెట్టుకుంటారు.

ఇక మండపం. ఇది చిన్న ఊరే గానీ చేపల చదువులో పెద్ద ఊరు. వెనకటికి సిలోను తోటల్లో పనికి వెళ్ళే కూలీలను ఇక్కడి క్యాంపులో ఆపి, జబ్బులేమీ లేవని చూసుకుని పడవెక్కించేవారట. అందుకే ఇప్పటికీ మండపం క్యాంప్ అనే పేరు. 1947లో మొదలైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రధాన కార్యాలయం చాలాకాలం ఇక్కడే ఉండేది. 1971లో ప్రధాన కార్యాలయం కొచ్చికి వెళ్ళిపోయినా, ఇక్కడి కేంద్రం అలాగే ఉంది. వాళ్ళ అక్వేరియాన్ని టిక్కెట్టు కొనుక్కుని మనం కూడా చూడవచ్చు. పెద్ద పెద్ద నగరాల్లో ఉండే తళుకులేమీ ఇక్కడ లేవు. ఆ మాట ముందే చెబుతున్నాను, పిల్లలు నిరాశపడకుండా. వరసగా గాజు తొట్టెలు, బోర్డులు, అంతే.

కానీ క్లౌన్ ఫిష్‌ల తొట్టె దగ్గర నేను గంటసేపు కదల్లేదు. అనిమోన్ మీద ఒక పెద్ద చేప, ఒక మధ్యరకం, మూడు నాలుగు చిన్నవి. అందరూ కుటుంబం అనుకుంటారు, తల్లీ తండ్రీ పిల్లలూ అని. కాదట. అక్కడ పనిచేసే ఒకాయన కొంచెం తమిళం, కొంచెం ఇంగ్లీషు కలిపి చెప్పాడు. మా ఆడపడుచు తెలుగు చేసింది. ఆ చిన్నవి వీళ్ళ పిల్లలు కానే కావు. ఎక్కడెక్కడినుంచో కొట్టుకొచ్చి చేరినవి. పెద్దది ఆడది, రెండోది మగది, మిగతావి ఇంకా ఏదీ కానివి. అవి కావాలనే చిన్నగా ఉంటాయిట. ఎక్కువ పెరిగితే పైవాళ్ళు తరిమేస్తారు. ఆడది పోతే మగదే ఆడదిగా మారిపోతుంది, చిన్నవాటిలో పెద్దది మగది అవుతుంది. మేము ముగ్గురం తోడికోడళ్ళం ఒకే వంటింట్లో ఉన్న రోజులు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఆయన మాట మా ఆడపడుచు నమ్మలేదు. నేను నమ్మాను, ఎందుకంటే మా ఇంట్లో అది జరిగింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీదే తీరం దాటింది. విశాఖవాళ్ళకి ఆ రోజు గురించి నేను చెప్పక్కర్లేదు. కిటికీ అద్దాలు పగిలాయి, చెట్లన్నీ కూలాయి, కరెంటు పోయింది. మా వీధికి కరెంటు మళ్ళీ వచ్చేసరికి ఆరు రోజులు పట్టింది. తాగడానికి నీళ్ళు లేక, పాలు లేక జనం అల్లాడుతున్నారు. అలాంటప్పుడు చేపల గురించి బెంగ పెట్టుకున్నానంటే తిట్టుకునేవాళ్ళు కూడా ఉంటారు. కానీ కళ్ళెదుట ప్రాణులు నీటి పైకొచ్చి నోరు తెరుస్తుంటే ఎలా ఊరుకుంటాం?

తొట్టెలో మోటారు ఆగితే రెండు నష్టాలు. నీళ్ళు కదలవు కాబట్టి గాలి కలవదు. ఫిల్టరులో ఉండే మంచి సూక్ష్మజీవులు కూడా చచ్చిపోతాయి, దాంతో నీళ్ళు విషమవుతాయి. అబ్బాయీ నేనూ వంతులు వేసుకుని, మగ్గుతో నీళ్ళు ముంచి, కాఫీ తిరగబోసినట్టు ఎత్తునుంచి పోస్తూ కూర్చున్నాం. రాత్రిళ్ళు కొవ్వొత్తి వెలుగులో గంటకోసారి లేచేదాన్ని. మూడో రాత్రి పెద్దది పోయింది. ఒళ్ళు పెద్దది కాబట్టి దానికి గాలి ఎక్కువ కావాలి. చిన్నది మిగిలింది. మా అబ్బాయి ఆ చేపని పెరట్లో కూలిన మందార చెట్టు మొదట్లో పాతిపెట్టాడు.

మిగిలినది నెలల తరబడి ముంతలోంచి సరిగ్గా బయటికి రాలేదు. ఫిబ్రవరిలో చెన్నై కొళత్తూరు నుంచి తెలిసినవాళ్ళ చేత ఒక చిన్న చేప తెప్పించాం. కొళత్తూరు రంగుచేపల వ్యాపారానికి పేరుపడ్డ చోటు. పాతది మొదట దాన్ని తరిమింది, తర్వాత రానిచ్చింది. చూస్తుండగానే లావెక్కింది, పొడుగైంది, పెత్తనం మొదలుపెట్టింది. 2016లో ఒక పొద్దున్న ముంతలో నారింజ రంగు గుడ్లు. పెట్టింది ఎవరనుకుంటున్నారు? అన్నాళ్ళూ వణుకుతూ తిరిగిన మన అయ్యగారే! ఆయన ఇప్పటికీ ఉన్నారు, అమ్మగారిగా. సినిమాలో నీమో తల్లి చచ్చిపోతే తండ్రి పిల్లాడి కోసం సముద్రమంతా వెతుకుతాడు. నిజంగా అయితే ఆ తండ్రి ఈపాటికి తల్లి అయిపోయేవాడు.

గుడ్లు ఆరు రోజులకి వెండిరంగు కళ్ళతో మెరుస్తాయి. వారం దాటాక దీపం ఆర్పిన రాత్రి పిల్లలు బయటికొస్తాయి, పొద్దున్నకి ఒక్కటీ కనపడదు. ఫిల్టరులోకి పోతాయి, లేదా మిగతా చేపలు తింటాయి. వీటిని పెంచాలంటే కంటికి ఆనని రోటిఫర్ అనే జీవుల్ని ముందు పెంచాలి. అది మన వంటింటి పని కాదు. మండపం వాళ్ళు చేసింది అదే. హేచరీలో పిల్లల్ని బతికించి పెంచే పద్ధతి నేర్చుకుని నేర్పుతున్నారు. అలా పుట్టిన చేపని కొంటే సముద్రంలోంచి ఒకటి తగ్గదు. నేను కొన్నవన్నీ హేచరీవా అని అడిగి కొన్నవే.

మరి ఇంట్లో పగడపు దిబ్బ పెట్టుకోవచ్చు కదా, ఫోటోల్లో ఎంత బాగుంటుంది అంటారు చాలామంది. ఒక షాపతను నాతోనే అన్నాడు, "అమ్మగారూ, లైవ్ కోరల్ ముక్క తెప్పిస్తాను, ఎవరికీ చెప్పకండి" అని. చెప్పకూడని సరుకు మన హాల్లో ఎందుకండీ? 2001 నుంచి మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. అంటే పులితో సమానం. బతికినదే కాదు, చచ్చినది కూడా అమ్మకూడదు, కొనకూడదు. మా తొట్టెలో ఉన్నవి సిరామిక్ రాళ్ళు. రెండేళ్ళకి వాటి మీద గులాబీ రంగు పాచి, ఆకుపచ్చ పాచి పట్టి, నాకు తెలుసు కాబట్టి గానీ, చూసినవాళ్ళు నిజం రాయే అనుకుంటారు.

నిజమైన పగడాల్ని చూడాలంటే మండపం చుట్టుపక్కలే చూడాలి. ఇక్కడ భూమి సన్నగా సముద్రంలోకి వెళుతుంది. ఒక పక్క పాక్ అఖాతం, ఇంకో పక్క మన్నార్ సింధుశాఖ. అక్కడి జాలర్లు మొదటిదాన్ని ఆడ సముద్రం, రెండోదాన్ని మగ సముద్రం అంటారు. సింధుశాఖలో తూత్తుకుడి దాకా వరసగా చిన్న చిన్న దీవులు, మొత్తం ఇరవై ఒకటి. వాటి చుట్టూ వందకి పైగా రకాల పగడాలు. 1986లో దీన్ని జాతీయ సముద్ర ఉద్యానవనం చేశారు. ఆ ఇరవై ఒకటిలో రెండు దీవులు ఇప్పుడు నీళ్ళలో మునిగిపోయాయి. సున్నానికీ, ఇళ్ళకీ ఏళ్ళ తరబడి పగడపు రాయి తవ్వేశారు. అలల్ని ఆపే గోడ పోయాక దీవి నిలుస్తుందా?

మర్నాడు ఏర్వాడి దగ్గర పిచ్చైమూప్పన్‌వలసై అనే పల్లెకి వెళ్ళాం. దర్గా ఉన్న ఏర్వాడే. అక్కడ అటవీశాఖ వాళ్ళు అడుగున అద్దం ఉన్న పడవల్లో తిప్పి చూపిస్తారు. పడవలో తలలు వంచి చూస్తూ కూర్చోవాలి. కాస్త కళ్ళు తిరుగుతాయి, నిమ్మకాయ దగ్గర పెట్టుకోండి.

మొదట నాకు ఏమీ నచ్చలేదు. ఎరుపూ నీలమూ ఏవీ? అంతా గోధుమరంగు, చింతపండు రంగు, ముదురాకు పచ్చ. జింక కొమ్ముల్లాంటివి కొన్ని, మనిషి మెదడులా గీతలు పడినవి కొన్ని. పడవతను చెప్పాక అర్థమైంది. పగడం లోపల కంటికి కనపడనంత చిన్న పాచి ఉంటుంది. అది ఎండతో తిండి తయారుచేసి పగడానికి పెడుతుంది. ఆ పాచి రంగే ఈ గోధుమరంగు. అదే ఆరోగ్యం. నీళ్ళు బాగా వేడెక్కితే పగడం ఆ పాచిని వదిలేసి తెల్లబోతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతుంది. ఇక్కడ 2010లో, 2016లో అలా జరిగింది. మేం వెళ్ళొచ్చిన వేసవిలోనే లక్షద్వీపాల్లోనూ అదే పరిస్థితి. మా అమ్మమ్మ గారింట్లో అద్దాల బీరువాలో రామేశ్వరం నుంచి తెచ్చిన తెల్లటి కొమ్మ ఒకటుండేది, శంఖం పక్కన. మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటుంది. అది ఎముక అని అప్పుడు ఎవరికి తెలుసు? మన మంగళసూత్రాల్లో గుచ్చుకునే ఎర్ర పగడం వేరు. అసలుది మధ్యధరా సముద్రంలో దొరికే జాతి, దిబ్బలు కట్టదు.

కాసేపటికి చేపలు కనపడ్డాయి. అరచేయంత కూడా లేని డామ్సెల్ చేప ఒకటి తన జానెడు జాగా కోసం తనకి మూడింతలున్న చిలుక చేపని తరుముతోంది. చిలుక చేప ముక్కులాంటి పళ్ళతో రాయి గీకుతోంది. ఇంకోచోట నల్లగీత ఉన్న వేలెడంత చేప ఒక పెద్ద చేప మొప్పల దగ్గర ఏదో ఏరుకు తింటోంది. అది క్లీనర్ రాస్. పెద్ద చేపలు దాని దగ్గరికొచ్చి మంగలి షాపులోలాగా నోరు తెరుచుకుని నిలబడతాయి, ఒంటిమీది పురుగుల్ని తినిపించుకోవడానికి. షాపుల్లో దీన్ని కూడా అమ్ముతారు, "మీ చేపల్ని శుభ్రం చేస్తుంది" అని. నాలుగైదు చేపలుండే తొట్టెలో దానికి ఏం దొరుకుతుంది? చాలావరకు కొద్ది వారాల్లో ఎండి చచ్చిపోతాయి. ఆ పూట దాని చుట్టూ తిరిగిన చేపల గుంపును చూశాక, దాని సంసారం ఎంత పెద్దదో తెలిసింది. ఎవరైనా కొంటామంటే వద్దని చెప్పండి.

తిరుగు దారిలో పాంబన్ దగ్గర ఆడవాళ్ళు సముద్రంలోంచి వస్తున్నారు. చీర మీద మగవాళ్ళ చొక్కా, కళ్ళకి నీటి అద్దాలు, వేళ్ళకి గుడ్డ పేలికలు, వీపున సంచి నిండా సముద్రపు నాచు. మనం పుడ్డింగులో వేసుకునే చైనాగ్రాస్ ఇలాంటి నాచులోంచే వస్తుంది. పగడాలమీద మోకాళ్ళు గీరుకుంటూ ములిగి తీస్తారు. నాచు మళ్ళీ పెరగాలి కాబట్టి నెలలో కొన్నాళ్ళే తీయాలని వాళ్ళే కట్టుబాటు చేసుకున్నారు. చిన్నపాలెం గ్రామంలో వాళ్ళని కూడగట్టిన లక్ష్మీమూర్తి గారికి 2015లో సీకాలజీ బహుమతి వచ్చింది.

ధనుష్కోడి కూడా చూశాం. 1964 డిసెంబరు తుఫానులో పోయిన ఊరు. మిగిలిన చర్చి గోడ దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టి చూడండి. గోడ నిండా పగడపు రాళ్ళే, తేనెపట్టులాంటి గీతలతో. హుద్‌హుద్ చూసినదాన్ని కదా, అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

ఇదంతా చదివి ఎవరికైనా ఉప్పునీటి తొట్టె పెట్టుకోవాలనిపిస్తే నాకు తెలిసింది చెబుతాను. ఖర్చు మంచినీటి చేపలకంటే చాలా ఎక్కువ, ముందే లెక్క చూసుకోండి. చేపల్ని కాదు, నీళ్ళని పెంచుతున్నాం అనుకోండి. కొత్త తొట్టెలో మొదటిరోజే చేపల్ని వేయకూడదు. పెరుగు తోడుకున్నట్టే ఇదీ తోడుకోవాలి. చేపల మలం వల్ల పుట్టే అమ్మోనియా విషం. దాన్ని తిని హరాయించుకునే సూక్ష్మజీవులు ఫిల్టరులో పెరగడానికి నెల, నెలన్నర పడుతుంది. ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టెలోంచి నాలుగు ఫిల్టరు రింగులు తెచ్చి తోడు వేస్తే త్వరగా అవుతుంది. ఉప్పు అక్వేరియం ఉప్పే కావాలి, లీటరుకి సుమారు 35 గ్రాములు. వంట ఉప్పు పనికిరాదు. బీచి నీళ్ళూ వద్దు, ఊరి కాలవలన్నీ అందులోనే కలుస్తాయి. నేను వారానికి ఇరవై లీటర్లు తీసి ఇరవై లీటర్లు కొత్తవి పోస్తాను. రోజూ ఆవిరైపోయిన దానికి మాత్రం మంచినీళ్ళే పోయాలి. సాంబారు మరిగితే ఉప్పెక్కదూ? అలాగే నీళ్ళు పోతాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. హైడ్రోమీటర్ 1.025 చూపిస్తే చాలు. హుద్‌హుద్ తర్వాత మేం బ్యాటరీతో నడిచే గాలిపంపు రెండు కొని ఉంచాం. తుఫాను ఊళ్ళవాళ్ళు అది మొదటే కొనండి, చేపలకంటే ముందు.

మన్నార్ వైపు సముద్రం జనవరి నుంచి మార్చి దాకా నెమ్మదిగా ఉంటుంది. వానాకాలపు గాలులు మొదలయ్యాక పడవలు సరిగ్గా నడవవు. మండపం రామేశ్వరానికి ఇరవై కిలోమీటర్ల లోపే. ప్లాస్టిక్ సంచులు పట్టుకెళ్ళకండి.

మేం ఊళ్ళో లేని వారం రోజులూ తొట్టె బాధ్యత మా అత్తయ్యగారిది. రోజుకో పొట్లం చొప్పున తిండి కట్టి, వారం పేర్లు రాసి పెట్టాను. తిరిగొచ్చి చూస్తే ముంతలో కొత్త గుడ్లు ఉన్నాయి, అయ్యగారు విసురుతున్నారు. మంగళవారం పొట్లం మాత్రం అలాగే ఉంది. అడిగితే, "ఆవేళ భీష్మ ఏకాదశి కదే, ఇంట్లో అందరికీ ఉపవాసమే" అన్నారు.